శ్రుతిపెట్టె పుట్టుపూర్వోత్తరములు

సజీవవాద్యములతో యంత్రజనితనాదమును జతపఱచి కొలదిమంది శ్రోతల యెదుట వినిపించు చిన్నగోష్ఠుల సంగీతము పాశ్చాత్యదేశములలో రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట తలయెత్తినది. 1952లో ఇటలీదేశీయుడైన బ్రూనో మదెర్నా వేణువును, సింబల్సును, ముందుగా టేపుపై నెక్కించిన ధ్వనులను కలిపి ఒక రచన చేసి జర్మనీయందలి డార్మ్‌స్టాట్ పట్టణమున వినిపించెను. 1960లో జర్మను సంగీతకర్త స్టాక్‌హౌజెన్ పియానోను, తాళవాద్యములను, స్టూడియోలో పుట్టించిన నాదములను ఒకదాని కొకటి ఎదురుగా నిలిపి ‘కొంటాక్టె’ను వెలయించెను. మన దేశమున 1969లో అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరును నెలకొల్పగా కొందఱు ఉత్సాహవంతులు కొన్నేండ్లు ప్రయోగములు చేసిరి గాని, ఆ నాదము కచేరీ గడప త్రొక్కలేదు. మన కచేరీలోనికి ఎలక్ట్రానిక్ నాదము వచ్చిన త్రోవ వేఱు. అది గాయకుని వెనుక తంబురా నిలుచు చోటికి, ఎవ్వరి దృష్టియు పడకుండ వచ్చి కూర్చున్నది.

ఈ కథను వేలూరుసీమ నుండి చెప్పుట నాకు సముచితముగా దోచుచున్నది. 1911లో చిత్తూరు వేఱు జిల్లా యగువఱకు అదియు వేలూరును ఒక్క ఉత్తరార్కాటు జిల్లాలోనివే. తెలుగు కీర్తన ఇచ్చట పరాయిసొమ్ము కాదు. వేలూరికి తూర్పున నున్న వాలాజాపేటలో త్యాగరాజస్వామి శిష్యుడైన వేంకటరమణ భాగవతారు (1781–1874) నివసించి, గురుకృతులను వ్రాసి కాపాడెను. ఆ వ్రాతప్రతులు పిమ్మట మధుర సౌరాష్ట్రసభకు చేరినవి. అట్టి ఇండ్లలో పాఠమునకైనను, భజనకైనను, పదిమంది బంధుమిత్రుల నడుమ జరుగు కచేరీకైనను ఆధారము తంబురాయే.

తంబురాకు తీగలు నాలుగే: పంచమము, సారణి, అనుసారణి, మంద్రషడ్జము. చూచుటకు ఇంతకంటె సులభమైన వాద్యము లేదు. దానిని పలికించుట మాత్రము సులభము కాదు. గుఱ్ఱముపై తీగ ఆను తావున సన్నని దారపుపోగును ‘జీవ’ యని పెట్టుదురు. ఆ పోగును వెండ్రుకవాసి ముందునకో వెనుకకో జరుపగా జరుపగా, ఒక్క స్థానమున తీగ గుయ్యిమని విచ్చుకొని, మీటిన స్వరముతోపాటు దానిలో దాగియున్న పైస్వరములు కూడ పలుకసాగును. మంద్రషడ్జమున అంతరగాంధారము వినవచ్చుట ఆ సమయముననే. పాటకుడు తన షడ్జమును వెదకికొనునది ఈ పొరలలోనే. అయితే చెక్కయు తీగయు గాలితేమకును ఎండకును లోనగునవి. వేలూరి వేసవిలో ఒక్క వర్ణము పాడి ముగించునంతలో తంబురా జాఱుట సహజము. అదిగాక రైలులో దానిని మోసికొనిపోవుట యొక ప్రయాస, దానిని మీటు మనిషిని సమకూర్చుకొనుట యింకొక ప్రయాస. అందుచేతనే తిత్తిని ఒత్తి మ్రోగించు చెక్క శ్రుతిపెట్టె తొలుత వాడుకలోనికి వచ్చినది.

బెంగుళూరున జి. రాజ్‌నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురాను రూపొందించి, రాడెల్ అను సంస్థను స్థాపించి లోకమున కందించెను. ఆయన ఇంజనీరు, అంతకంటె ముఖ్యముగా వేణువాద్యకారుడు. శ్రుతి కొఱకు పడవలసిన అవస్థ యెఱిగిన మనిషియే దీనికి పూనుకొనుట గమనింపదగినది. తొలినాటి పెట్టెలలో సర్క్యూట్లే స్వరమును కల్పించి, నాలుగు తీగల క్రమమున ఒకటి వెంట నొకటిగా పలికించెడివి. తరువాతి కాలమున నిజమైన తంబురా నాదమునే రికార్డు చేసి చిప్పులో నిక్షేపించిరి. ఒక మరను త్రిప్పినచో పురుషుని ఒకటవ కట్టై శ్రుతి, ఇంకను త్రిప్పినచో స్త్రీల ఐదవ కట్టై శ్రుతి.

ఇండ్లలో దీనివలన కలిగిన మేలు గొప్పది. ఒంటరిగా సాధకము చేయు బాలికకు తోడెవ్వరును లేకున్నను శ్రుతి చెదరదు. కాని నష్టమును కూడ చెప్పితీరవలయును. గుడియాత్తం గంగమ్మ జాతరలో గాని, పెండ్లి ఊరేగింపులలో గాని, నాదస్వర విద్వాంసుని ప్రక్కన ఒత్తు పట్టువాడు ఒకడు నడచుచుండెడివాడు. బుగ్గలలో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి తీసికొనుచు, ఒక్క షడ్జమును గడియలకొలది తెగనీయక ఊదెడివాడు. శిష్యుడు విద్వాంసుని చెంత చెవియొగ్గి సంగీతమును వంటబట్టించుకొనునది ఆ తావుననే. నేడు ఆ స్థానమున పెట్టె పలుకుచున్నది. శ్రుతి నిలిచినది, ఒక పాఠశాల మూతపడినది.

వేదికపై మృదంగవిద్వాంసుడు కూడ ఈ పెట్టెవైపే చెవి వంచి, కుడిమూతి అంచున రాతితో తట్టుచు షడ్జమును కూర్చుకొనుచున్నాడు. ఈ ఊరిపేరును లోకమంతట వినిపించిన వేలూరు జి. రామభద్రన్ (2004లో సంగీతకళానిధి) వంటివారి సుకుమారవాదనమునకు శ్రుతిశుద్ధియే ప్రాణము. కావున కచేరీలో పెట్టె యున్నను ఒక కొయ్యతంబురా తప్పక ఉండవలయు నని నా దృఢాభిప్రాయము. పెట్టె తప్పు పలుకదు గాని, పాటకుని ఊపిరిని ఆలకించి మీటు చేయి దానికి లేదు.

వెనుకనున్న విద్యుత్తును ముందునకు తెచ్చి ప్రధానవాద్యము చేసినవాడు పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాయించి చూపలేదు. పాడెడివాడు, బాలుడు దానిని తీగపై పలికించెడివాడు. నోటిపాటలోని జారును తీగపైకి తెచ్చుట యెట్లు? మామూలు మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన నాదము మఱుక్షణముననే అణగిపోవును, తోడిగాంధారపు ఊగిసలాటకు అందు తావు చాలదు. శ్రీనివాస్ ఐదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను చేపట్టెను. తీగక్రింది పికప్ కంపనమును విద్యుత్తుగా మార్ప, ఆంప్లిఫయరు దానిని పెంచుటచే ఒక్క మీటునకే నాదము సాగి, గమకము పూర్తిగా వినవచ్చెను. 1978లో గుడివాడ త్యాగరాజారాధనలో తొలికచేరీ చేసిన ఆ బాలుడు, 1995లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అను రికార్డున తన మాండలిన్‌ను ఎలక్ట్రానిక్ నాదముల నడుమ నిలిపెను. 2014లో ఆయన అకాలమరణము నొందినను, తమ్ముడు రాజేశ్ ఆ వాద్యమును కచేరీలలో కొనసాగించెను.