ఐదేళ్ల మాత్ర వెనుక 130 ఏళ్లు

ఆపరేషన్ అయింది. కీమో అయింది, రాలిన జుట్టు మళ్లీ మొలుస్తోంది. రేడియేషన్ కోసం రోజూ బస్సెక్కి తిరగడమూ ముగిసింది. గండం గడిచిందనుకుని ఇంటికి బయల్దేరే వేళ డాక్టరు చీటీ మీద ఇంకో మాత్ర రాస్తారు.

"రోజుకొకటి, ఐదేళ్లు వేసుకోవాలమ్మా."

"ఇంకా ఐదేళ్లా డాక్టరు గారూ? గడ్డ తీసేశారు కదా!"

న్యాయమైన ప్రశ్నే. జబ్బు కంటికి కనిపించడం లేదు, తిండీ నిద్రా దారిలో పడుతున్నాయి. ఇప్పుడు ఆవిర్లూ కీళ్లనొప్పులూ తెచ్చిపెట్టే మందు ఎందుకు మింగాలి? వేసుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆ మనిషే. ఆ మాత్ర ఎక్కడ పుట్టి ఎలా మన దాకా వచ్చిందో తెలిస్తే తేల్చుకోవడం కొంత తేలికవుతుందని నా నమ్మకం.

ముందు పేరు సంగతి. 'హార్మోన్ థెరపీ' అనగానే హార్మోన్లు ఇస్తారనుకుంటారు చాలామంది. నెలసరి ఆగిపోయిన వాళ్లకు ఇచ్చే ఈస్ట్రోజన్ మాత్రలతో దీన్ని కలిపేసుకుని భయపడతారు. ఇది దానికి పూర్తిగా విరుద్ధం. ఒంట్లో ఉన్న ఈస్ట్రోజన్‌ను క్యాన్సర్ కణానికి అందకుండా చేయడమే దీని పని. మొదటి నుంచీ 'హార్మోన్ నిరోధక చికిత్స' అని పిలిచి ఉంటే సగం అపోహలు పుట్టేవే కావు.

కథ పశువుల దగ్గర మొదలవుతుంది. జార్జ్ బీట్సన్ అనే కుర్ర డాక్టరు 1876 ప్రాంతంలో పశ్చిమ స్కాట్లాండ్‌లోని ఒక ఎస్టేటులో పనిచేస్తూ, చుట్టూ ఉన్న గొర్రెల మందలను గమనిస్తూ, పాలు ఎలా పుడతాయన్న విషయం మీద తన సిద్ధాంత వ్యాసం రాసుకున్నాడు. ఈనిన ఆవుకు అండాశయాలు తీసేస్తే అది పాలివ్వడం ఆపదని కొన్ని దేశాల రైతులకు తెలుసని అప్పుడే అతని చెవిన పడింది. రొమ్ముకూ అండాశయానికీ మధ్య నరం ఏదీ లేదు. అయినా ఒకదాని మీద ఇంకోదాని అజమాయిషీ నడుస్తోంది. ఈ ఆలోచన అతన్ని దాదాపు ఇరవై ఏళ్లు వదల్లేదు.

1895 జూన్‌లో గ్లాస్గోలో అతని ముందుకు ఒక స్త్రీ వచ్చింది. 33 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. రొమ్ము తీసేసినా జబ్బు ఛాతీ మీద మళ్లీ లేచింది. కత్తికి అందే దశ దాటిపోయింది. బీట్సన్ ఆమె అండాశయాలు తీసేశాడు. ఎనిమిది నెలలకు ఛాతీ మీద కణితి ఆనవాళ్లు లేవు. ఆ ఆపరేషన్ తర్వాత ఆమె దాదాపు నాలుగేళ్లు బతికింది. 1896లో 'లాన్సెట్' పత్రికలో ఈ సంగతి అచ్చయ్యే నాటికి 'హార్మోన్' అన్న మాటే లేదు. అది 1905లో గానీ పుట్టలేదు. పేరు కూడా లేని దాని మీద నమ్మకంతో తన శరీరాన్ని అప్పగించిన ఆ తల్లిని తలుచుకోకుండా ఈ కథ చెప్పలేను. "చేయించుకోవాలా, వద్దా" అన్న ప్రశ్నను మొదట మోసింది ఆమె.

తర్వాత ఇదే ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికే గుణం కనిపించింది. ఆ ఒక్కరు ఎవరో ముందుగా తెలిసే దారి లేదు. 1950లలో వైద్యులు మరీ ముందుకెళ్లి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులనూ, మెదడు అడుగున ఉండే పిట్యూటరీనీ కూడా తీసేశారు. ముగ్గురిలో ఇద్దరు ఆ కోతలన్నీ పడి కూడా ఏమీ పొందలేదు. ఆ రోజుల గురించి చదువుతుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

చిక్కు విప్పింది షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్. ఈస్ట్రోజన్‌కు రేడియోధార్మికత అంటించి అది శరీరంలో ఎటు పోతోందో వెంబడించాడు. గర్భసంచి వంటి కొన్ని అవయవాల కణాల్లో దాన్ని పట్టి ఉంచే ఒక ప్రొటీన్ ఉందని తేల్చాడు. అదే ఈస్ట్రోజన్ రిసెప్టర్. 1958లో వియన్నాలో ఈ విషయం చెబితే వినడానికి వచ్చింది ఐదుగురేనని ఆయనే తర్వాత గుర్తు చేసుకునేవాడు. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఈ రిసెప్టర్ ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. ఉన్నవాళ్లకే హార్మోన్ మీద పనిచేసే చికిత్స ఫలిస్తుంది. ఈ రోజు బయాప్సీ రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' అనో 'నెగెటివ్' అనో కనిపించే ముక్క వెనుక ఉన్నది ఈ పరిశోధనే. నెగెటివ్ అయితే ఈ మాత్రతో పనే లేదు.

ఇక మాత్ర. ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో ఐసీఐ అనే రసాయన కంపెనీ ప్రయోగశాల ఉండేది. ఆర్థర్ వాల్పోల్ నాయకత్వంలో అక్కడ వెతుకుతున్నది క్యాన్సర్ మందు కోసం కాదు, కలయిక తర్వాత వేసుకుంటే గర్భం రాకుండా చేసే మాత్ర కోసం. 1962లో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన పదార్థానికి 'ఐసీఐ 46,474' అని నంబరు పెట్టారు. ఎలుకల్లో అది గర్భాన్ని చక్కగా ఆపింది. ఆడవాళ్లలో తిరగబడి, అండం విడుదలయ్యేలా చేసింది. గర్భనిరోధకంగా దాని పని అక్కడితో సరి.

కానీ వాల్పోల్‌కు క్యాన్సర్ మీద కూడా ఆసక్తి ఉంది. మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రిలో మేరీ కోల్ బృందం ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 46 మందికి ఈ మందు ఇచ్చి, 10 మందికి గుణం కనిపించిందని 1971లో ప్రకటించింది. అప్పటి మందులతో పోలిస్తే బాధలు చాలా తక్కువ. లాభం రాదని కంపెనీ పెద్దలు వెనకాడినా ప్రయోగశాల వాళ్లు పట్టు విడవలేదు. 1973లో బ్రిటన్‌లోనూ, 1977 చివర్లో అమెరికాలోనూ అనుమతి వచ్చింది. అదే టామాక్సిఫెన్.

మన దేశంలో ఇదే దారి వేరే ఊరు చేరింది. ఇదే తరహా రసాయనాలతో లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో నిత్యానంద్ బృందం తయారుచేసిన గర్భనిరోధక మాత్ర 1991లో 'సహేలీ' పేరుతో బజారులోకి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే 'ఛాయా' మాత్ర అదే. ఇంగ్లండ్ వాళ్లు వెతికిన గర్భనిరోధకం మనకు దొరికింది, వాళ్లకు క్యాన్సర్ మందు దొరికింది.

టామాక్సిఫెన్ పని తీరు చెప్పడానికి నాకు పంక్తి భోజనం గుర్తొస్తుంది. ఒకరి కోసం వేసిన పీట మీద ఇంకొకరు వచ్చి కూర్చుంటే అసలు మనిషి నిలబడి ఉండాల్సిందే. రొమ్ము కణంలో రిసెప్టర్ అనే పీటను ఇది ఆక్రమించుకుంటుంది, ఈస్ట్రోజన్‌కు చోటుండదు. కానీ గర్భసంచి లోపొరలోనూ, నెలసరి ఆగినవాళ్ల ఎముకల్లోనూ ఇదే కొంతవరకు ఈస్ట్రోజన్‌లా నడుచుకుంటుంది. ఎముకల్ని కాపాడటం, గర్భసంచి క్యాన్సర్ ముప్పును కాస్త పెంచడం రెండూ ఆ ఒక్క గుణం వల్లే. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంది.

ముదిరిన జబ్బుకు వాడుతున్న మందును ఆపరేషన్ అయ్యాక, జబ్బు తిరిగి రాకుండా ఏళ్ల తరబడి ఇవ్వాలన్న ఆలోచనకు బలం ఇచ్చింది క్రెయిగ్ జోర్డాన్. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, మందు ఎంత ఎక్కువ కాలం ఇస్తే కణితులు అంత తక్కువగా వచ్చాయి. తర్వాత వేలమంది ఆడవాళ్లు ట్రయల్స్‌లో చేరారు. అలాంటి 20 ట్రయల్స్‌ను ఆక్స్‌ఫర్డ్ బృందం కలిపి చూసి 2011లో లెక్క చెప్పింది. ఈఆర్ పాజిటివ్ ఉన్న వాళ్లలో, 15 ఏళ్లు గడిచేసరికి, మాత్ర వాడని 100 మందిలో సుమారు 33 మంది రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. ఐదేళ్లు వాడిన 100 మందిలో 24 మంది. అంటే తొమ్మిది ప్రాణాలు. మాత్ర మానేశాక కూడా ఏళ్ల తరబడి దాని రక్షణ కొనసాగుతుందన్నది ఇందులో నన్ను ఎక్కువ కదిలించిన విషయం.

నెలసరి ఆగిన వాళ్లకు రెండో దారి తెరిచింది ఏంజెలా బ్రోడీ. అండాశయాలు పని మానేశాక కూడా కొవ్వు, కండరాల్లో ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. ఆ తయారీనే ఆపే మందుల మీద ఆమె 1970ల నుంచి పనిచేసింది. ఇప్పుడు రాస్తున్న అనాస్ట్రజోల్, లెట్రజోల్, ఎగ్జెమెస్టేన్ ఆ కుటుంబానివే. జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో ఇవి టామాక్సిఫెన్ కంటే కాస్త మెరుగు. గర్భసంచికి భయం లేదు. బదులుగా కీళ్లు పట్టేస్తాయి, ఎముకలు పలచబడతాయి.

మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే వస్తోంది. నెలసరి ఇంకా ఆగని వాళ్లు ఎక్కువ కాబట్టి చవకగా దొరికే టామాక్సిఫెన్‌కే ఇక్కడ పెద్దపీట. ముప్పు ఎక్కువ ఉన్న చిన్న వయసు వాళ్లకు అండాశయాలను ఇంజెక్షన్లతో నిద్రపుచ్చడమో, తీసేయడమో కూడా చేస్తారు. బీట్సన్ ఆలోచన ఇంకా బతికే ఉంది.

మరి వేసుకోవాలా? ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉందంటే నేను ఒప్పుకోను. చావు ముప్పును సుమారు మూడో వంతు తగ్గిస్తుందన్న మాట ఒక్కొక్కరికి ఒక్కో విలువ. ముప్పు 100లో 30 ఉన్న మనిషికి అది పది ప్రాణాల లెక్క. చిన్న గడ్డ, చంకలో గ్రంథులకు పాకని జబ్బు, ముప్పు 100లో 6 మాత్రమే ఉన్న మనిషికి రెండు. రెండైనా చాలు అనే వాళ్లున్నారు, రెండు కోసం ఐదేళ్లు ఒళ్లు హూనం చేసుకోలేను అనే వాళ్లున్నారు. ఇద్దరి మాటా గౌరవించాల్సిందే. ఆ లెక్క వాళ్ల ముందు పెట్టకుండా చీటీ రాసి పంపడం మాత్రం సరికాదు. ఐదేళ్లా, పదేళ్లా అన్నదీ ఇలాంటి లెక్కే. 2012లో వెలువడిన అట్లాస్ ట్రయల్ ప్రకారం, టామాక్సిఫెన్‌ను పదేళ్లు కొనసాగించిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు ఇంకా తగ్గాయి, గర్భసంచి క్యాన్సర్ ముప్పు సుమారు రెట్టింపైంది.

బాధగా ఉంటే దారులు చాలా ఉన్నాయి. ఒక మందు పడకపోతే అదే కుటుంబంలో ఇంకొకటి పడవచ్చు. కీళ్లనొప్పులకు రోజూ నడక, వ్యాయామం నిజంగానే పనిచేస్తాయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, ముఖ్యంగా పారాక్సెటిన్, ఫ్లుయాక్సెటిన్, టామాక్సిఫెన్ బలాన్ని తగ్గిస్తాయి కాబట్టి వేసుకునే మందులన్నీ చెప్పాలి. నెలసరి ఆగినట్టున్నా టామాక్సిఫెన్ వాడేటప్పుడు గర్భం రావచ్చు, అది బిడ్డకు ప్రమాదం. బిడ్డ కావాలనుకునే వాళ్లకు కూడా దారి దొరికింది. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల దాకా వాడాక, వైద్యుల పర్యవేక్షణలో రెండేళ్ల వరకు మాత్ర ఆపి, బిడ్డను కని, మళ్లీ మొదలుపెట్టిన వాళ్లలో మొదటి మూడున్నరేళ్లలో ముప్పు పెరగలేదని 'పాజిటివ్' అనే ట్రయల్ 2023లో చూపించింది. దీర్ఘకాలపు ఫలితాలు తెలియడానికి ఇంకా సమయం పడుతుంది.

ఉత్తర కాలిఫోర్నియాలో ఈ మాత్రలు మొదలుపెట్టిన 8,769 మంది మందుల లెక్కలు చూస్తే, పూర్తి కాలం సరిగ్గా వాడినవాళ్లు సగం మందే. ఆ మిగతా సగంలో ఎందరు బాధను ఎవరికీ చెప్పుకోకుండా సీసా పక్కన పెట్టేశారో!

ఈ మాత్ర వాడుతున్న వాళ్లు మీ ఇంట్లో ఉంటే ఒక మాట. ఆవిర్లతో రాత్రంతా నిద్ర లేదన్నా, మెట్లు దిగలేకపోతున్నానన్నా "అందరికీ ఉండేదేలే" అని కొట్టిపారేయకండి. వచ్చేసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు తీసుకుని వాళ్లతో వెళ్లండి. "ఈ మాత్రతో ఈమెకు 100లో ఎంత మేలు?" అని అడగండి. నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనిపించినా, ఒక కాలే వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మానేయాలనిపిస్తే మానేసే ముందే ఆ మాట ఆయన చెవిన వేయండి.