మూసీ ఒడ్డున ఆకుకూరలు - మందుకు లొంగని సూక్ష్మజీవులు

హైదరాబాదు నగరానికి పాలకూర, తోటకూర, కొత్తిమీర, పుదీనా ఎక్కడి నుంచి వచ్చేవో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? అందులో చాలా భాగం ఉప్పల్ దిగువన, పీర్జాదిగూడ, పర్వతాపురం వంటి గ్రామాల మూసీ పొలాలలో పండింది. ఆ పొలాల నీటి కథ తెలిస్తేనే ఈనాటి సమస్య అర్థమవుతుంది.

1908లో మూసీకి ఘోరమైన వరద వచ్చింది. నగరాన్ని వరద నుంచి కాపాడటానికి, తాగునీరు అందించటానికి ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి చేశారు. మంచి నీరు పైన ఆగిపోయింది. నగరం పెరిగిన కొద్దీ దిగువన పారేది, ముఖ్యంగా వేసవిలో, మురుగునీరే అయింది. పాత కత్వల నుంచి కాలువల్లోకి వచ్చింది అదే. రైతుకు ఏడాది పొడవునా నీరు దొరికింది, ఎరువు ఖర్చు తగ్గింది. వరికి అనుకూలించని చోట గేదెల గడ్డి, ఆకుకూరలు వేశారు. దీనికి రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన పొలానికి వచ్చిన నీరు అదొక్కటే.

ఇక మందు సంగతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, 1945లో, బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. అది మిస్సోరీలోని ఒక గడ్డి పొలం మట్టిలో ఉన్న సూక్ష్మజీవి తయారుచేసే పదార్థం. అంటే మందులు, వాటిని తట్టుకునే శక్తి రెండూ మట్టిలో ముందు నుంచీ ఉన్నవే. మనం చేసిందల్లా ఆ శక్తి ఉన్నవాటికి మేలు జరిగే పరిస్థితులు కల్పించడం. మందు తగిలినప్పుడు బలహీనమైన బాక్టీరియా చస్తుంది, తట్టుకున్నది పెరుగుతుంది. పైగా ఆ జన్యువును పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా అందించగలదు. మురుగు కాలువ ఇందుకు తగిన చోటు: ఆసుపత్రుల నీరు, ఇళ్ల నీరు అక్కడే కలుస్తాయి.

హైదరాబాదులో దీనికి మరొకటి తోడైంది. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ ఇక్కడ మందుల తయారీకి పునాది వేసింది. తరువాత పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో ఎన్నో ముడి మందుల కర్మాగారాలు వచ్చాయి. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రకటించింది. ఇది శుద్ధి చేసిన తరువాతి లెక్క! మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేది. 2011లో వెలువడిన మరో పరిశోధన అక్కడి వాగు అడుగు మట్టిలో మందులను తట్టుకునే జన్యువులు విపరీతంగా ఉన్నట్లు చూపింది.

మంజీరను కాపాడాలన్న ఒత్తిడితో, 2009 ప్రాంతంలో ఆ నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగర మురుగు కాలువల్లోకి, అక్కడి నుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అంబర్‌పేట దాటితే వచ్చేది మన ఆకుకూరల పొలాలే. ఒక నదికి ఊరట, మరో నదికి భారం!

ఇది హైదరాబాదు ఒక్కదాని ప్రశ్న కాదు. పుదుచ్చేరిలోని సేదరపేట్ మాదిరిగా పారిశ్రామిక వాడ ఉన్న ఏ ఊరిలోనైనా వాడిన నీరు ఏ దారిన పోతుందో ముందు అడగాలి.

పెంటకుప్ప దారిని కూడా మరువరాదు. 1950లో అదే లెడర్లీ పరిశోధకులు స్టోక్‌స్టాడ్, జ్యూక్స్, దాణాలో కొద్దిగా ఆరియోమైసిన్ కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతాయని తెలిపారు. అలా మందు దాణాకు చేరింది, కోళ్ల ఎరువుతో మళ్లీ మట్టికి చేరింది. కోళ్లు, పశువుల పెంపకంలో కొలిస్టిన్‌ను భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది.

వండితే బాక్టీరియా చస్తుంది; పాలకూర పప్పుకు భయపడనక్కరలేదు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా విషయంలోనే జాగ్రత్త కావాలి. కడిగితే బాక్టీరియా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. మడిలో చెప్పులు లేకుండా నిలబడి కోత కోసే కూలీ స్త్రీలకు ఆ మాత్రం రక్షణ కూడా లేదు. కర్మాగారాల నీటిలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించింది. 2021 నాటి తుది నిబంధనలలో ఆ పరిమితులు లేవు.