కొత్త, మాలిమి, దిష్టి: గోదావరి డెల్టాలో పసిబిడ్డ స్వభావ భావన

రెండేళ్ల బిడ్డ చుట్టాన్ని చూసి తల్లి కొంగు చాటున దాగితే గోదావరి డెల్టా ఇళ్లలో ‘వాడికి కొత్త’ అంటారు. ఈ ప్రయోగంలో కొత్తదనం బిడ్డ గుణం కాదు, ఎదురైన సందర్భానికి చెందినది. వచ్చినవారు నాలుగుసార్లు ఎత్తుకుంటే అదే బిడ్డ ‘మాలిమి’ అవుతాడు. మారాం, గారం, పేచీ అనే మాటలూ ఇటువంటివే. మారాం చేయడానికి, గారాలు పోవడానికి, పేచీ పెట్టడానికి ఎదుట ఒకరుండాలి. పెంకితనం, మంకుతనం వంటి మాటలు మాత్రం దోషాన్ని నేరుగా బిడ్డలోనే నిలుపుతాయి. పసితనంలో ముందుగా వాడుకకు వచ్చేవి మొదటి తరగతి మాటలే కావడం గమనార్హం.

ఆచారమూ ఈ దారినే నడిచింది. ఆపకుండా ఏడ్చే బిడ్డకు దిష్టి తగిలిందని ఉప్పు, ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేవారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని నిర్ణయించేవారు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం చెప్పిన తొమ్మిది బాలగ్రహాల వెనుకనున్నదీ ఇదే తర్కం: బిడ్డ చెడ్డది కాదు, బిడ్డకు ఏదో సోకింది. దీన్ని మూఢవిశ్వాసమని కొట్టివేసినవారు ఈ తర్కం బిడ్డను దెబ్బలనుంచి కొంతైనా కాచిందన్న సంగతిని పట్టించుకోలేదు. అయితే ఆ నింద మాయం కాలేదు. ఇంకొకరి కంటిమీదికి, తరచు వితంతువు మీదికో బిడ్డలులేని స్త్రీ మీదికో మళ్లింది. బిడ్డకు దొరికిన రక్షణకు మూల్యం చెల్లించినది వారే.

బెరుకు అంతటా ఒకే విలువ పొందదు. రెండేళ్ల పిల్లలపై షిన్యిన్ చెన్ బృందం 1998లో ప్రకటించిన అధ్యయనంలో, బిడ్డ బెరుకు చైనాలో తల్లి ఆదరణతోనూ, కెనడాలో శిక్షించే ధోరణితోనూ ముడిపడి కనిపించింది. డెల్టాలో ఈ భేదం ఇంటి లోపలే ఉంది: ఆడపిల్ల బెరుకు ‘సిగ్గు’గా మెప్పు పొందగా మగపిల్లవాడిది ఎగతాళి పాలయింది. శ్రమ కూడా విలువను నిర్ణయించింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి వరిసాగు విస్తరించాక, నాట్లకు వెళ్లే తల్లికి అవ్వ దగ్గరో అక్క దగ్గరో త్వరగా మాలిమి అయ్యే బిడ్డ కావాలి. అక్కడ మంకుపట్టు పోయిన కూలితో సమానం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ భావనను కదిలించినవారు విద్యాశాఖలో పనిచేసిన ఇద్దరు మిత్రులు. చలం ‘బిడ్డల శిక్షణ’ పేరులో శిక్ష ఉన్నా ఆ గ్రంథం వాదించినది శిక్షకు వ్యతిరేకంగానే. పెంకితనమనే ముద్రలో పెద్దల అధికారమే ఎక్కువని ఆయన దృష్టి. తూర్పుగోదావరి దంగేరులో 1891లో జన్మించిన చింతా దీక్షితులు వాదానికి దిగక, పిల్లల కోసమే కథలూ గేయాలూ రాశారు. బిడ్డకు తనదైన స్వభావం ఉందని ఇద్దరూ గుర్తించారు. కాని వారి ఊహలోని బిడ్డ తీరిక ఉన్న ఇంటి బిడ్డ. నాట్ల గట్టున కూర్చున్న బిడ్డ కాదు. పైగా స్వభావాన్ని బిడ్డకు సొంతం చేయడంతో, దిష్టి తీసుకుపోయిన బాధ్యత తిరిగి బిడ్డకే చేరే వీలు కలిగింది. నేటి ఇంగ్లీషు మీడియం శిశుతరగతుల్లో ‘కొత్త’ స్థానంలో వినిపించే ‘షై’ అనే మాటకు ‘మాలిమి’ వంటి జంటపదం లేదు.