తీగ లేని చోట కరెంటు లెక్క

చలికాలం నెల రోజులు ఎడారిలో ఉండబోతున్నామని ఫోన్లో చెప్పగానే మా బాపు అడిగిన మొదటి మాట, "అక్కడ కరెంటు ఎవరిస్తరు బిడ్డా?" సిరిసిల్ల దగ్గరి ఊళ్ళో బతుకంతా సెస్సుకు, అంటే అక్కడి కరెంటు సహకార సంఘానికి, బిల్లు కట్టిన మనిషి ఆయన. "మేమే చేసుకుంటాం బాపూ" అన్నాను గానీ, ఆ ఒక్క మాటతో తేలే సంగతి కాదది. ఇరవై ఏళ్ళుగా నేను బతుకుతున్న ఈ అమెరికా దేశపు కథ సగం ఆ ప్రశ్నలోనే ఉంది.

మేం వెళ్ళే చోటు పేరు క్వార్ట్‌జ్‌సైట్. అరిజోనా రాష్ట్రంలో మేముండే ఫీనిక్స్ నుంచి పడమరగా 200 కిలోమీటర్లు, కాలిఫోర్నియా సరిహద్దుకు దగ్గర. ఎండాకాలం చూస్తే చిన్న ఊరు. డిసెంబరు వచ్చిందంటే మంచు రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి వేలాది ఆర్వీలు దిగుతాయి. ఆర్వీ అంటే చక్రాల మీది ఇల్లు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ అందులోనే. కొన్ని బస్సంత ఉంటాయి. మాది కారు వెనక తగిలించుకునే పాత ట్రైలర్.

వీళ్ళంతా బండ్లు ఆపుకునేది ప్రభుత్వ భూమిలో. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఈ దేశం దున్నుకునేవాళ్ళకు 160 ఎకరాల చొప్పున భూమి పంచింది. ఆ భూమి అంతకుముందు ఎవరిదన్నది మాత్రం చట్టం అడగలేదు. ఈ ఎడారి మొహావే, చెమహ్వేవీ ప్రజలు తిరిగిన నేల. ఇవాళ వాళ్ళకు వదిలిన నేల, రిజర్వేషన్ అంటారు, ఇక్కడికి ఉత్తరాన కొలరాడో నది ఒడ్డున ఉంది. నీళ్ళు లేని నేలను దున్నేవాళ్ళు దొరకలేదు. పంచగా మిగిలింది సర్కారు చేతిలోనే ఉండిపోయింది. ఇక దాన్ని పంచబోమని, ప్రజల ఉమ్మడి ఆస్తిగానే ఉంచుతామని 1976లో చట్టం చేశారు. 1983లో ఇక్కడ లా పోసా అనే మైదానాన్ని చలికాలపు విడిదిగా పెట్టారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా 180 డాలర్లు కడితే చాలు. నేల ఇస్తారు, కరెంటు ఇవ్వరు. దూరంగా పెద్ద టవర్ల మీద హైటెన్షన్ తీగలు పోతూనే ఉంటాయి, మన బండి దగ్గర మాత్రం ఒక్క స్తంభం ఉండదు.

ఇలా తీగ లేని చోట విడిది చేయడాన్ని బూన్‌డాకింగ్ అంటారు. ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించుకున్న రోజుల్లో అమెరికా సైనికులు అక్కడి తగలోగ్ భాష నుంచి ఎత్తుకొచ్చిన మాటకు పుట్టిన పిల్ల ఇది. మూలపదం 'బుందోక్', అంటే కొండ. సెలవులు గడిపేవాళ్ళ నోట్లో ఒక యుద్ధపు జ్ఞాపకం ఉంది. అది చాలామందికి తెలియదు.

మొదటి ఏడాది మా కరెంటు మూడో రాత్రే అయిపోయింది. "200 వాట్ల సోలార్ పలకలు, ఒక బ్యాటరీ చాలు" అని అమ్మినాయన చెబితే నమ్మాను. అర్ధరాత్రి గ్యాస్ హీటర్ ఆగిపోయింది. గ్యాస్ నిండుగా ఉంది, కానీ వేడిని లోపలికి ఊదే ఫ్యాన్‌కు కరెంటు కావాలని నాకు అప్పుడే తెలిసింది. మా చిన్నదాన్ని రెండు రగ్గుల్లో చుట్టి మా ఇద్దరి మధ్య పడుకోబెట్టుకున్నాం. తెల్లారి పక్క బండిలోని పెద్దావిడ వేడివేడి కాఫీ తెచ్చిచ్చి, "రాత్రి లెక్క తప్పిందా?" అంది.

ఆవిడది దక్షిణ డకోటా. పశువులున్న కమతంలో పుట్టింది. చిన్నప్పుడు ఇంటి పక్కన గాలిమర తిరిగేదట. నేలమాళిగలో బల్ల మీద 16 గాజు జాడీల బ్యాటరీ. జాడీకి రెండు వోల్టుల లెక్కన మొత్తం 32 వోల్టులు. వాటిలో ఒక జాడీలో రంగు గోళీలు వేసి ఉండేవి. బ్యాటరీ నిండుగా ఉంటే గోళీలు పైకి తేలేవి, దిగిపోతే ఒక్కొక్కటే మునిగేవి. సాయంత్రం నాన్న దీపం పట్టుకుని కిందికి దిగి గోళీలు చూసి వచ్చి, ఆ రాత్రి వంటింట్లో బల్బు వెలిగించుకోవచ్చా, కిరసనాయిలు దీపమేనా అన్నది చెప్పేవాడట. గాలి లేని వారంలో రేడియో బంద్.

ఈ మాటలు విన్నాక నేను ఈ దేశాన్ని చూసే తీరు మారింది. అమెరికా అంటే పుట్టుకతోనే దీపాలు వెలిగిన దేశమని మనం అనుకుంటాం. కానీ 1935లో ఇక్కడి పల్లె కమతాల్లో పదింటికి ఒక్కదానికే కరెంటు తీగ ఉంది. మైలుకు రెండు మూడు ఇళ్ళుంటే తీగ లాగడం గిట్టుబాటు కాదని కంపెనీలు తేల్చేశాయి. డబ్బున్నవాళ్ళు 1916 నుంచి వచ్చిన డెల్కో-లైట్ అనే ఇంజను కొనుక్కున్నారు, లేదా గాలిమర నిలబెట్టుకున్నారు. ప్రతి ఇల్లూ తన కరెంటు తానే చేసుకుని, తానే లెక్కపెట్టుకుంది. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టాడు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. రైతులు తలా ఐదు డాలర్లు వేసుకుని సహకార సంఘాలు కట్టారు, సర్కారు తక్కువ వడ్డీకి అప్పిచ్చింది, తీగలు తామే లాగించుకున్నారు. 1950ల నడుమకల్లా పదింట తొమ్మిదికి పైగా కమతాలకు వెలుగొచ్చింది. గాలిమరలు, గాజు జాడీలు మూలపడ్డాయి.

ఆ సంఘాల నమూనా సముద్రాలు దాటి మా ఊరికీ వచ్చింది. 1960ల చివర మన దేశంలో ఐదు చోట్ల ప్రయోగంగా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు పెట్టినప్పుడు సలహా ఇచ్చినవాళ్ళు ఈ అమెరికా సంఘాలవాళ్ళే. ఆ ఐదింటిలో ఒకటి సిరిసిల్ల సెస్సు. బాపు బావి మోటారును నడిపిన సంఘానికీ, ఆ పెద్దావిడ ఇంట్లో గోళీలను మూలకు నెట్టిన సంఘానికీ చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడి పల్లెలకు తీగలు చేరుతున్న ఆ రోజుల్లోనే, సూర్యుడి నుంచి నేరుగా కరెంటు తీసే సిలికాన్ పలక 1954 ఏప్రిల్‌లో న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. చేసినవాళ్ళు ముగ్గురు: చాపిన్, ఫుల్లర్, పియర్సన్. పడిన ఎండలో ఆరు శాతాన్ని అది కరెంటుగా మార్చింది. మరుసటేడు దాన్ని పరీక్షించింది జార్జియా రాష్ట్రంలో ఒక పల్లె టెలిఫోన్ లైను మీద. తరువాత అది 1958లో వాన్‌గార్డ్ ఉపగ్రహమెక్కి ఆకాశానికి పోయింది. ఆ ధరలో అది ఉపగ్రహాలకే తగేది. 1970ల్లో చమురు కరువొచ్చాక ధర దిగడం మొదలైంది. పట్నాలు వదిలి కాలిఫోర్నియా అడవుల్లో కాపురం పెట్టిన కుర్రాళ్ళు కారు బ్యాటరీకి పలక తగిలించి దీపం పెట్టుకున్నారు. ఇవాళ ట్రైలర్లో చాలావరకు 12 వోల్టుల మీద నడుస్తాయంటే కారణం కారు బ్యాటరీయే.

ఇక మా లెక్క. రెండో ఏడాది బయల్దేరే ముందు నెల రోజులు కాగితం మీదే గడిపాం. పలకల దగ్గర మొదలుపెట్టడం తప్పు, వాడకం దగ్గర మొదలుపెట్టాలి. ఫ్రిజ్‌కు రోజుకు 600 వాట్-అవర్లు. హీటర్ ఫ్యాన్ రాత్రికి ఐదు గంటలు తిరిగితే 425. లాప్‌టాప్, ఫోన్లు 250. దీపాలు, నీళ్ళ పంపు 75. మిక్సీ, కాస్త అటూ ఇటూ కలిపి 100. మొత్తం 1450, అంటే ఒకటిన్నర యూనిట్ కన్నా కొంచెం తక్కువ. ఫీనిక్స్ ఇంట్లో ఏసీ ఒక్కటే దాన్ని గంటలో తినేస్తుంది.

అది ఎడారే, ఎండకు కొదవ లేదు. కానీ డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 35 డిగ్రీల ఎత్తు దాటడు. ట్రైలర్ కప్పు మీద పడుకోబెట్టిన పలకకు నిండు ఎండ లెక్కన రోజుకు మూడు గంటలే దక్కుతుంది. దక్షిణానికి ఏటవాలుగా లేపితే ఐదు. దారిలో పోయే నాలుగో వంతు నష్టాన్ని తీసేస్తే పడుకోబెట్టిన పలకలు 650 వాట్లు కావాలి, లేపితే 400 చాలు. మా కప్పు మీద పట్టేవి నాలుగే, ఒక్కోటి వంద వాట్లు. కాబట్టి మడత కాళ్ళు బిగించి, చేరిన రోజే నిచ్చెనెక్కి లేపుతాను. కప్పు మీది ఏసీ పెట్టె నీడ పడని చోటు వెతకడానికి ఒక ఆదివారమంతా పట్టింది. వరుసగా కలిపిన పలకల్లో ఒక్కదాని మూల నీడ పడినా మొత్తం వరుస నీరసిస్తుంది.

బ్యాటరీలు రెండు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌వి, కలిపి 2560 వాట్-అవర్లు. ఒక రాత్రి, ఒక మబ్బు రోజు గడిచిపోతాయి. మన ఇళ్ళలో ఇన్వర్టర్ కింద ఉండే సీసం బ్యాటరీని సగం కన్నా దించితే ఆయుష్షు తగ్గుతుంది, వీటికి ఆ బాధ లేదు. అయితే నీళ్ళు గడ్డకట్టే చలిలో వీటిని ఛార్జ్ చేయకూడదు. అందుకే మంచం కింద, వెచ్చని చోట పెట్టాను. అన్నిటికన్నా భయపడింది తీగకు. మన ఇంట్లో 750 వాట్ల మిక్సీ మూడు ఆంపియర్లకు కాస్త పైన లాగితే, 12 వోల్టుల బ్యాటరీ నుంచి అదే మిక్సీకి 70 ఆంపియర్లు కావాలి. సన్న తీగ వేస్తే నిప్పే. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు బొటనవేలంత లావు రాగి తీగ, జానెడు దూరంలోనే ఫ్యూజు. దోసెల పిండి మధ్యాహ్నం పన్నెండుకు రుబ్బుతాం. ఆ వేళ పలకలే సగం మోస్తాయి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇదే అరిజోనా ఈశాన్య మూలన నవాహో రిజర్వేషన్‌లో ఈనాటికీ వేల ఇళ్ళకు తీగ లేదు. అదే నేల మీద 1974 నుంచి 2019 దాకా పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం నడిచింది. కొలరాడో నీటిని ఫీనిక్స్ వైపు ఎత్తిపోసింది ఆ కరెంటే. నేను తాగే నీళ్ళూ అవే. ఆ ఇళ్ళలో కొన్నిటికి ఇప్పుడు పలక, బ్యాటరీయే దిక్కు. నాకు నెల రోజుల లెక్క, వాళ్ళకు బతుకంతా లెక్క.

ఈ చలికాలం కూడా ఆ పెద్దావిడ పక్కనే దిగింది. చీకటి పడే ముందు చేతికర్ర పట్టుకుని మెల్లగా నడిచొచ్చి మా తలుపు దగ్గర నిలబడుతుంది. మా చిన్నది పరుగెత్తి మంచం కిందికి తల పెట్టి బ్యాటరీ మీటరు చూసి "87!" అని అరుస్తుంది. "అయితే గోళీలన్నీ తేలుతున్నాయి" అంటుంది ఆవిడ. ఇంకాస్త సేపు నిలబడి, మా చిన్నది హీటర్ మీట నొక్కాక వెళ్తుంది.