బ్రెజిల్ ఇథనాల్ పరిశ్రమ: రక్షణ నియమాల పరిణామం

దిగుమతి పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపాలని బ్రెజిల్ 1931లోనే ఆదేశించింది. 1973లో చమురు ధరలు భగ్గుమనేనాటికి ఆ దేశం తనకు కావలసిన ముడిచమురులో దాదాపు 80 శాతం బయటి నుంచి కొంటోంది. దాంతో సైనిక ప్రభుత్వం 1975 నవంబరులో ‘ప్రోఆల్కూల్’ పథకం తెచ్చి, డిస్టిలరీలకు చౌకగా అప్పులిచ్చింది. 1979లో పూర్తిగా ఇథనాల్‌తో నడిచే ఫియట్ 147 కారు వచ్చింది. 1980ల నడుమ అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిదికి పైగా ఆ రకానివే.

ఈ వేగానికి మూల్యం చెల్లించింది నదులు, కూలీలు. చెరకు నుంచి లీటరు ఇథనాల్ తీస్తే పది లీటర్లకు పైగా మురుగునీరు మిగులుతుంది. దాన్ని నదుల్లోకి వదలడం 1970ల చివర్లో నిషేధించాక, పొటాషియం ఎక్కువగా ఉండే ఆ నీటిని చెరకు తోటలకు ఎరువుగా పారించసాగారు. ఇక కూలీల సంగతి: కోసిన గడలను కూలీ తన పట్టీలోని నడిమి సాలుకు మోసుకొచ్చి కుప్ప వేయాలి. సావోపాలో రాష్ట్రంలోని గ్వారీబాలో ఒక్కొక్కరి కోత పట్టీని 5 సాళ్ల నుంచి 7 సాళ్లకు పెంచడంతో మోత పెరిగి, కూలి గిట్టలేదు. 1984లో వారు సమ్మెకు దిగి పాత పద్ధతిని తిరిగి సాధించుకున్నారు.

చమురు చౌకై, చక్కెర ధర పెరగడంతో మిల్లులు చక్కెర వైపు మొగ్గి, 1989లో ఇథనాల్‌కు కొరత వచ్చింది. వాహనదారుల నమ్మకం సడలింది. పెట్రోలు, ఇథనాల్ ఏది పోసినా నడిచే ఫ్లెక్స్ కార్లు 2003లో వచ్చాక పరిశ్రమ మళ్లీ పుంజుకుంది. ఈసారి నియమాలూ వెంట వచ్చాయి. చేత్తో కోయడం సులువయ్యేందుకు కోతకు ముందు తోటలు తగలబెట్టడాన్ని దశలవారీగా ఆపాలని సావోపాలో 2002లో చట్టం చేసింది. రాష్ట్ర ప్రభుత్వం, చెరకు పరిశ్రమ 2007లో చేసుకున్న ఒప్పందం ఆ గడువులను ముందుకు జరిపింది. పొగ తగ్గింది, కానీ కోత యంత్రాలు వచ్చి వేలమంది కూలీల పని పోయింది. నూనెగింజలతో చేసే బయోడీజిల్‌కు తెచ్చిన 2004 నాటి పథకం చిన్న రైతుల దగ్గర పంట కొనే కంపెనీలకు పన్ను రాయితీ ఇచ్చింది. ఈశాన్యంలోని ఆముదం రైతులను ఆదుకోవాలనుకున్నా, సోయాదే పైచేయి అయింది.

అమెజాన్ అడవులు, పాంటనాల్ చిత్తడి నేలల ప్రాంతాల్లో కొత్తగా చెరకు విస్తరించకుండా 2009లో ఇచ్చిన ఉత్తర్వును 2019లో రద్దుచేశారు. 2017 నాటి ‘రెనోవాబయో’ చట్టం మాత్రం తగ్గించిన కార్బన్‌కు క్రెడిట్లు ఇస్తుంది. కొత్తగా అడవి నరికిన నేలలో పండిన పంటకు అవి దక్కవు. పరిశ్రమకు పునాది వేసే నాడే నదికీ, కూలీకీ, అడవికీ రక్షణ రాసుకోవాలనీ, ఒక్క సంతకంతో చెరిగిపోని చట్టంగా రాసుకోవాలనీ ఈ చరిత్ర చెబుతోంది.