పోలిక వేరు, రుజువు వేరు

గుమాస్తాగా నేను ఒకే పేరున్న ఇద్దరి సర్వీసు రిజిస్టర్లు కలిసిపోకుండా తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిచూసేవాణ్ణి. శాస్త్రవేత్తలదీ అదే తంటా. 1995లో హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే సూక్ష్మజీవి జన్యుక్రమమంతా చదివారు. సుమారు 1,740 జన్యువులు తేలాయి. వాటినుంచి తయారయ్యే ఎంజైముల పనిని చాలావరకు పాతవాటితో పోల్చి ఊహించారు. పోలిక ఉన్నంతమాత్రాన పని ఒకటే కానక్కరలేదు, పరీక్షించి తేల్చాలి. ఫాస్ఫేటును విడదీసే ఎంజైమైతే, విడుదలైన ఫాస్ఫేటును నీలిరంగు గాఢతనుబట్టి కొలవవచ్చు. ఆ పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. జన్యుక్రమాల ఊసే లేనినాటి కొలత, నేటి ఊహలకు గీటురాయి అయింది. మా డొంకూరు చుట్టుపక్కల ఉద్దానం మూత్రపిండాల జబ్బుకూ కారణాలు ఎన్నో ఊహించారు. రుజువు కోసమే మా ఎదురుచూపు.