పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ పెద్ద లీగులో నిలబడతాడా?

అమెరికాలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళలో చాలామందికి వాళ్ళ ఫుట్‌బాల్ మొదట్లో ఒక పట్టాన అర్థం కాదు. నాలుగైదు సెకన్ల ఆట, అరనిమిషం పైగా విరామం... ఇదేం ఆటరా బాబూ అనిపిస్తుంది. కానీ సోమవారం పొద్దున ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర అందరూ మాట్లాడుకునేది దాని గురించే కాబట్టి మెల్లగా అలవాటైపోతుంది. ఆ కబుర్లలో ఏళ్ళ తరబడి నలుగుతున్న వాదన ఒకటుంది. బంతి విసరడం, బంతి పట్టుకుని పరిగెత్తడం రెండూ వచ్చిన క్వార్టర్‌బ్యాక్ ని డ్యుయల్ థ్రెట్ అంటారు. రెండంచుల కత్తి అన్నమాట. కాలేజీలో అందరినీ చీల్చి చెండాడిన ఇలాంటి కుర్రాడు ఎన్.ఎఫ్.ఎల్. లో నెగ్గుకురాగలడా?

"రాలేడు" అనేవాళ్ళ దగ్గర ఉదాహరణలకి కొదవలేదు. కాలేజీ ఫుట్‌బాల్ లో అత్యున్నత బహుమతి హైస్‌మన్ ట్రోఫీ. 1993లో అది గెలిచిన ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ చార్లీ వార్డ్ ని ఒక్క ఎన్.ఎఫ్.ఎల్. జట్టు కూడా తీసుకోలేదు. ఆయన శుభ్రంగా న్యూయార్క్ నిక్స్ లో చేరి బాస్కెట్‌బాల్ ఆడుకున్నాడు. 2001లో గెలిచిన నెబ్రాస్కా కుర్రాడు ఎరిక్ క్రౌచ్ ని సెయింట్ లూయిస్ తీసుకుంది గానీ, నువ్వు క్వార్టర్‌బ్యాక్ కాదు, బంతి అందుకునే రిసీవర్ వి అంది. అతను ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2006 జనవరి రోజ్ బౌల్ లో టెక్సస్ తరఫున విన్స్ యంగ్ 267 గజాలు విసిరి, 200 గజాలు పరిగెత్తి 41-38 తో యు.ఎస్.సి. ని ఓడించాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్ లో మూడోవాడుగా టెనెసీకి వెళ్ళాడు, మొదటి సీజనులో ఉత్తమ కొత్త ఆటగాడు అనిపించుకున్నాడు. 2011 తర్వాత లీగులో మళ్ళీ మ్యాచ్ ఆడలేదు.

మరి కాలేజీలో పనిచేసింది ఇక్కడెందుకు పనిచెయ్యదు? దీనికి కొంతవరకు మైదానమే జవాబు చెబుతుంది. మైదానం మధ్యలో హ్యాష్ గీతలుంటాయి. ప్రతి ఆటా వాటి మధ్యనుంచో, వాటి మీదనుంచో మొదలవ్వాలి. కాలేజీలో ఆ రెండు గీతల మధ్య దూరం 40 అడుగులు, ఎన్.ఎఫ్.ఎల్. లో పద్దెనిమిదిన్నర అడుగులే. అంటే కాలేజీలో బంతి ఒక పక్కన ఉంటే రెండో పక్కన బోలెడు ఖాళీ. పరిగెత్తేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఎన్.ఎఫ్.ఎల్. లో అంత జాగా ఉండదు, పైగా అవతల ఉన్న పదకొండు మందీ ఒకప్పుడు వాళ్ళ వాళ్ళ కాలేజీల్లో మెరికలే.

ఐతే పరుగు వల్ల లాభం కూడా లెక్కల్లో ఉన్నదే. మామూలు క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్‌బ్యాక్ చేతిలో పెట్టేశాక ప్రేక్షకుడైపోతాడు. అప్పుడు పది మంది పదకొండు మందితో తలపడాలి. రీడ్ ఆప్షన్ అనే పద్ధతిలో అవతలి వాళ్ళలో ఒకణ్ణి కావాలనే ఎవరూ అడ్డుకోరు. క్వార్టర్‌బ్యాక్ వాడినే చూస్తుంటాడు. వాడు రన్నింగ్‌బ్యాక్ మీదికి పోతే బంతి తన దగ్గరే ఉంచుకుని పరిగెడతాడు, లేకపోతే ఇచ్చేస్తాడు. మన భాషలో చెప్పాలంటే ఒక ఇఫ్-ఎల్స్, అంతే. దాంతో లెక్క పదకొండుకి పదకొండు అవుతుంది.

చరిత్రలోకి కొంచెం వెనక్కి వెళితే ఈ వాదనలో ఇంకో మెలిక కనిపిస్తుంది. "వాడు అథ్లెట్, క్వార్టర్‌బ్యాక్ కాదు" అన్న మాట అందరికీ ఒకేలా తగల్లేదు. 1968లో డెన్వర్ తరఫున మార్లిన్ బ్రిస్కో అనే నల్లజాతి కుర్రాడు ఆడాడు. ఆధునిక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లో మ్యాచ్ మొదలుపెట్టిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతనే. ఆ ఒక్క సీజనులో 14 టచ్‌డౌన్ పాస్ లు విసిరాడు. మరుసటి ఏడాది డెన్వర్ ఆ స్థానం కోసం పోటీపడే అవకాశమే ఇవ్వలేదు. బఫెలో వెళ్ళి రిసీవర్ అయ్యాడు. వారెన్ మూన్ 1978లో రోజ్ బౌల్ ఉత్తమ ఆటగాడు, అయినా డ్రాఫ్ట్ లో ఎవరూ పిలవలేదు. కెనడా వెళ్ళి వరసగా ఐదు గ్రే కప్ లు గెలిచిన జట్టులో ఆడాకే 1984లో హ్యూస్టన్ తలుపు తెరిచింది. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్ లో చేరాడు. చెప్పొచ్చేదేంటంటే, "ఇలాంటివాళ్ళు నెగ్గలేరు" అన్న లెక్కలో అసలు అవకాశమే దొరకనివాళ్ళు చాలామంది ఉన్నారు. టెస్ట్ రన్ చెయ్యకుండానే ఫెయిల్ అని రాసుకుంటే ఎలా?

తెల్లవాళ్ళలోనూ పరిగెత్తేవాళ్ళు లేకపోలేదు. స్టీవ్ యంగ్ టాంపాలో రెండేళ్ళు ఓడుతూనే ఉన్నాడు. 1987లో శాన్ ఫ్రాన్సిస్కోకి వచ్చి, బిల్ వాల్ష్ దగ్గర ఎప్పుడు పరిగెత్తకూడదో నేర్చుకున్నాడు. 1995 జనవరిలో సూపర్ బౌల్ లో ఆరు టచ్‌డౌన్ పాస్ లు విసిరి రికార్డు కొట్టాడు. ఆ మ్యాచ్ లో అందరికన్నా ఎక్కువ గజాలు పరిగెత్తింది కూడా ఆయనే! ఇక టిమ్ టీబో సంగతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. 2007 హైస్‌మన్ విజేత. 2011లో డెన్వర్ ని ప్లేఆఫ్ దాకా లాక్కొచ్చి పిట్స్‌బర్గ్ ని కూడా ఓడించాడు. కానీ ఆ సీజనులో విసిరిన బంతుల్లో సగం కూడా చేరాల్సినవాళ్ళకి చేరలేదు. పేటన్ మానింగ్ దొరగ్గానే 2012లో డెన్వర్ టీబోని పంపించేసింది.

అసలు మలుపు 2011 లోనే వచ్చిందని నా అభిప్రాయం, అదీ మైదానంలో కాదు, జీతాల కాగితాల మీద. 2010లో డ్రాఫ్ట్ లో మొదటివాడైన శామ్ బ్రాడ్‌ఫర్డ్ కి 5 కోట్ల డాలర్లు గ్యారంటీ. 2011 ఒప్పందం కొత్తవాళ్ళ జీతాలకి పరిమితి పెట్టింది. ఆ ఏడాది మొదటివాడైన కామ్ న్యూటన్ కి నాలుగేళ్ళకి కలిపి 2.2 కోట్లు. ప్రయోగం చవకైతే ధైర్యం దానంతటదే వస్తుంది కదా. కాలేజీ ఆటని మరిపించమని కుర్రాణ్ణి సతాయించే బదులు, ఆ ఆటనే జట్టులోకి తెచ్చుకోవడం మొదలైంది. న్యూటన్ 2015లో లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు.

దీనికి తిరుగులేని ఉదాహరణ లమార్ జాక్సన్. 2016 హైస్‌మన్ విజేత. 2018 డ్రాఫ్ట్ ముందు ఇతన్నీ రిసీవర్ గా మారమన్న పెద్దలున్నారు. మొదటి రౌండులో ఆఖరివాడుగా, 32వ స్థానంలో బాల్టిమోర్ తీసుకుంది. 2019లో జట్టు ఆటంతా అతని చుట్టూ కట్టారు. జట్టు మొత్తం 3,296 గజాలు పరిగెత్తి లీగు రికార్డు పెట్టింది. అందులో జాక్సన్ వి 1,206. దానికి తోడు 36 టచ్‌డౌన్ పాస్ లు. ఒక్క ఓటు కూడా చెదరకుండా ఉత్తమ ఆటగాడయ్యాడు, 2023లో మళ్ళీ అయ్యాడు. "సరే, కప్పు గెలవగలరా?" అన్నవాళ్ళకి 2025 ఫిబ్రవరిలో జేలెన్ హర్ట్స్ జవాబు చెప్పాడు. ఫిలడెల్ఫియా 40-22 తో కాన్సస్ సిటీని ఓడించిన ఆ సూపర్ బౌల్ లో ఉత్తమ ఆటగాడు అతనే. 2018 జనవరిలో కాలేజీ ఫైనల్ మధ్యలో అలబామా పక్కన కూర్చోబెట్టిన కుర్రాడే ఈ హర్ట్స్.

కథ ఇక్కడితో సుఖాంతం అనడానికి నాకు మనసొప్పడం లేదు. రాబర్ట్ గ్రిఫిన్ 2012లో 815 గజాలు పరిగెత్తి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. డిసెంబరులోనే మోకాలికి దెబ్బ తగిలింది, అయినా ఆడించారు. 2013 జనవరి ప్లేఆఫ్ మ్యాచ్ లో ఆ మోకాలే చిరిగిపోయింది. మళ్ళీ మునుపటి గ్రిఫిన్ కనిపించలేదు. న్యూటన్ ని భుజం నొప్పి కుంగదీస్తే 2020లో సొంత జట్టే వదిలేసింది. అప్పటికి ముప్ఫై ఏళ్ళు. పరుగుతో వచ్చే గెలుపుకి బిల్లు కట్టేది మాత్రం ఆ కుర్రాడి ఒళ్ళే, జట్టు యజమాని కాదు.

కాబట్టి నా లెక్క ఇది. పరుగు కుర్రాణ్ణి లీగులో అడుగుపెట్టిస్తుంది, కుదురుకునే దాకా కాపాడుతుంది. పదేళ్ళు నిలబెట్టేది మాత్రం విసిరే చెయ్యే. స్టీవ్ యంగ్ కి, టీబోకి తేడా అక్కడే ఉంది. ఆ చెయ్యి కుదురుకోవడానికి టైము కావాలి, ఆ టైము ఇచ్చే కోచ్ కావాలి. బ్రిస్కోకి దొరకనిదీ, జాక్సన్ కి దొరికిందీ అదే. ఈసారి కాఫీ దగ్గర ఎవరైనా "వాడు నెగ్గగలడా?" అంటే, "ఏ జట్టులో? ఎవరి దగ్గర?" అని ఎదురడిగి చూడండి. అప్పుడు అసలు చర్చ మొదలవుతుంది.